నిమ్మకాయ, నిప్పులు, నీటిమీద ఇటుక

యాప్రాల్‌లో కొత్త అపార్ట్‌మెంటులో గృహప్రవేశమైతే గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతారు, వాకిట్లో ఎర్రనీళ్లతో దిష్టి తీస్తారు. అంతుచిక్కనిదంటే మనకు భయమూ ఉంది, మక్కువా ఉంది. ఆ రెండింటి చుట్టూ అల్లుకున్న విశేషాలివి.

● దిష్టినీళ్ల ఎరుపు పసుపు, సున్నం కలిస్తే వచ్చేదే. పసుపులోని కర్‌క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబారుతుంది. అందులో నిమ్మరసం పిండి చూడండి, మళ్లీ పసుపురంగే!

● కోసిన నిమ్మకాయ నుంచి 'నెత్తురు' కారించడం దొంగ మంత్రగాళ్ల పాత ఎత్తు. కత్తికి ముందే మందారపువ్వు రుద్ది ఉంచుతారు. పులుపు తగలగానే ఆ రసం ఎర్రబడుతుంది.

● చూసేవాడి కన్ను కట్టేసేదే 'కనికట్టు'. గుట్టంతా పేరులోనే చెప్పేసింది మన భాష.

● తెలంగాణలో సాధనాశూరులకు ఇంద్రజాలం కులవిద్య. పద్మశాలీలే వారి పోషకులు.

● 1813లో ఉజ్జయినిలో కలరా ప్రబలినప్పుడు అక్కడ సైన్యంలో పనిచేస్తున్న సురిటి అప్పయ్య అమ్మవారికి మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చి 1815లో సికింద్రాబాద్‌లో మహంకాళిని ప్రతిష్ఠించాడనీ చెబుతారు. బోనాల మర్నాడు అక్కడే 'రంగం'. పచ్చికుండమీద నిలబడి ఒక స్త్రీ భవిష్యవాణి వినిపిస్తుంది.

● 1213 నాటి రామప్ప గుడి శిఖరంలోని ఇటుకలు నీళ్లలో తేలతాయి. మంత్రం వల్ల కాదు, వాటి నిండా సన్నని గాలిగదులు ఉండటం వల్ల. కాకతీయుల నాటి పనివాళ్ల నేర్పు అది.

● పీర్ల పండుగ గుండంలో నిప్పులమీద నడిచినా కాళ్లు కాలకపోవడానికి కారణం ఉంది. కట్టెబొగ్గు, బూడిద వేడిని నెమ్మదిగా అందిస్తాయి, పాదం నిలిచేది క్షణమే. విజయవాడ నాస్తిక కేంద్రం వారు ఏ మంత్రమూ లేకుండా నడిచి చూపించారు.

● 1995 సెప్టెంబర్ 21న దేశమంతటా వినాయకుడు పాలు తాగాడన్నారు. శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి పట్టారు. విగ్రహం ఒంటిమీదుగా సన్నని రంగుధార జారుతూ కనిపించింది. తలతన్యత చేసిన పని అది.

● గారడీవాడు తనది విద్య అని ఒప్పుకుంటాడు. దొంగ మంత్రగాడు దాన్నే మహిమ అంటాడు. ఆ మాట నమ్మిన ఊళ్లలోనే చేతబడి, బాణామతి అనుమానంతో మన తెలంగాణలో నిండుప్రాణాలు తీశారు. గుట్టు తెలిసినా రామప్ప ఇటుక అబ్బురమే. పోవాల్సింది భయం ఒక్కటే. అందుకే ఇవాళ మీ పిల్లల చేతికి చిటికెడు పసుపు, కాస్త సున్నం, ఒక నిమ్మచెక్క ఇవ్వండి.