హోమ్ డెకార్: కొత్త సోఫా కొంటున్నారా..? ముందు టేపుతో కొలవండి!
కొత్త ఫ్లాట్‌లోకి మారగానే చాలామంది చేసే పని.. షోరూమ్‌లో నచ్చిన పెద్ద సోఫా కొనేయడం. తీరా ఇంటికొచ్చాక అది లిఫ్ట్‌లో పట్టదు, హాల్లో పెడితే నడవడానికి దారి ఉండదు. వేలకు వేలు పోసి కొన్నది అడ్డంగా మారుతుంది.

అందుకే ముందే లిఫ్ట్, గుమ్మం, హాలు కొలతలు తీసుకోవాలి. సోఫా సైజులో నేలపై పాత న్యూస్ పేపర్లు పరిచి చూస్తే ఎంత చోటు మిగులుతుందో తెలిసిపోతుంది. సోఫాకి, టీపాయ్‌కి మధ్య ఒకటిన్నర అడుగు, నడిచే దారికి రెండున్నర నుంచి 3 అడుగులు వదలడం మంచిది.

ఇక లైటింగ్. బల్బు బాక్స్‌పై 2700 లేదా 3000 కెల్విన్ అని ఉంటే పసుపు ఛాయ వెలుగు వస్తుంది, గది హాయిగా అనిపిస్తుంది. 6500 అయితే ఆఫీసులా తెల్లగా ఉంటుంది.

మిగిలిన డబ్బుతో పోచంపల్లి ఇక్కత్ కుషన్ కవర్లు, ఏటికొప్పాక లక్క బొమ్మలు తెచ్చుకుంటే హాలుకు కొత్త కళ వచ్చేస్తుంది.