రాజుకు అధికారం ఇచ్చింది ఎవరు?

చిక్కబళ్ళాపురం కోటను, బాగేపల్లి దగ్గరి గుమ్మనాయకనపాళ్యం కొండను ఏలిన పాళెగాళ్ళు దేవుళ్ళకు గుళ్ళు కట్టించారు, మాన్యాలిచ్చారు. కానీ తమ అధికారం ఆ దేవుడిచ్చిందేనని పట్టుపట్టే వీలు వాళ్ళకు లేదు. విజయనగర రాయలకు కప్పం కట్టి, యుద్ధమొస్తే బలగం పంపినంత కాలమే పాళెం వాళ్ళది.

మరి రాయల అధికారం ఎక్కడిది? సంగమ వంశపు రాజులు దానశాసనాల చివర తమ పేరు రాసుకోలేదు, 'శ్రీ విరూపాక్ష' అని సంతకం చేశారు. రాజ్యం స్వామిది, మేం ఆయన తరఫున ఏలుతున్నామని దాని భావం. ఇంగ్లండులో మొదటి జేమ్స్ 1610లో పార్లమెంటు ముందు ఇంకా పెద్ద మాటే అన్నాడు: రాజులను దేవుళ్ళనడం తప్పు కాదట! ఆయన కొడుకు మొదటి చార్లెస్, తనను విచారించే హక్కు ఏ కోర్టుకూ లేదని వాదిస్తూనే 1649లో శిరచ్ఛేదానికి గురయ్యాడు.

మన దగ్గర రాజుల దైవదత్త అధికారం గుట్టు ఒక కాగితం బయటపెట్టింది. యాభై ఏళ్ళు తామే పాలించిన మైసూరును ఇంగ్లీషువాళ్ళు 1881లో చామరాజేంద్ర ఒడెయరుకు తిరిగి అప్పగించారు. ఆ అప్పగింత పత్రంలో షరతులున్నాయి. గవర్నర్ జనరల్ గుర్తిస్తేనే వారసత్వం చెల్లుతుంది. ఏటా కట్టాల్సిన కప్పం 35 లక్షల రూపాయలు. దసరాకు సింహాసనమెక్కి దర్బారు తీరిన రాజుగారి వెనుక చాముండేశ్వరి ఉందని జనం నమ్మారు. కాగితం మీద ఉన్నది మాత్రం కలకత్తా సర్కారు.

ఆ సర్కారునూ, రాజునూ కలిపి ప్రశ్నించింది ఈ సీమ రైతులే. 1938 ఏప్రిల్ 25న గౌరీబిదనూరు దగ్గర విదురాశ్వత్థంలో, నిషేధం ఉన్నా కాంగ్రెస్ జెండా ఎగరేయడానికి జనం గుమిగూడారు. రావిచెట్టు, నాగశిలలు ఉన్న ఆ పుణ్యక్షేత్రంలో పోలీసులు కాల్పులు జరిపారు. ఎందరో నేలకొరిగారు. ఆ దెబ్బకు దివాన్ మీర్జా ఇస్మాయిల్ దిగిరాక తప్పలేదు. మే నెలలో కాంగ్రెస్ నాయకుడు పటేల్‌తో ఒప్పందం కుదిరి, మైసూరు జెండా పక్కనే కాంగ్రెస్ జెండా ఎగరేయడానికి అనుమతి వచ్చింది. రాజరికం ఓడింది అప్పుడేనని నా అభిప్రాయం. 1947 అక్టోబరులో పాత కోలారు జిల్లావాడైన కె.సి.రెడ్డి ముఖ్యమంత్రి అయ్యేసరికి మిగిలింది లాంఛనమే.

విదురాశ్వత్థం వెళ్ళేవాళ్ళు నాగశిలలకు పసుపు కుంకుమలు పెట్టి, అంతటితో తిరిగిరాకండి. అక్కడి వీరసౌధం చూసి, పిల్లలకు ఈ కథ చెప్పండి.