కారుషెడ్డులో పనిబల్లకు వెలుతురు

కారు కొరకు కట్టిన షెడ్డులో ఒక మూల బల్ల వేసి, వైసు బిగించి, సెలవు దినములలో కుర్చీ కాళ్లు బాగుచేయువారు, పాత రేడియోలు విప్పువారు మనలో పలువురు కలరు. పనిముట్ల యెడ వారు చూపు శ్రద్ధలో పదవవంతైనను దీపముపై చూపరు. షెడ్డు నడుమ ఒక బల్బు వ్రేలాడుచుండును, అదియే చాలుననుకొందురు.

ఆ బల్బు ఎంత పెద్దదైనను ప్రయోజనము స్వల్పము. బల్ల గోడకు ఆనియుండును. పనిచేయువాడు గోడవైపు తిరిగి నిలుచును. దీపము వీపు వెనుక ఉండుటచే అతని నీడ సరిగా ఉలి మీదనే పడును. కనుక మొదట మార్చవలసినది దీపపు చోటు, బలము కాదు. తలకు కొంచెము ముందుగా, బల్ల పొడవున ఒక పొడుగు దీపము నమర్చినచో నీడ పలుచబడును. సన్నని పనికి మెడ వంచదగిన చిన్న దీపము వేరుగా ఉండవలెను. కుడిచేతి వాటము వారికి అది ఎడమ ప్రక్కన ఉండుట మేలు.

ఇక పరిమాణము. 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు గల షెడ్డు సుమారు 17 చదరపు మీటర్లు. 300 లక్సుల వెలుతురునకు 5,000 ల్యూమెన్లు బల్లమట్టమునకు చేరవలెను. గోడలు కొంత మ్రింగును గనుక 8,000 వేసికొనవలెను. అనగా 2,000 ల్యూమెన్ల ఎల్.ఇ.డి. పట్టీలు నాలుగు. గోడలకు తెల్లసున్నము కొట్టించుట అన్నిటికంటె చౌకయైన దీపము!

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది. పాత చోకు ట్యూబులైటు, నాసిరకపు ఎల్.ఇ.డి. దీపము, సెకనుకు 100 మార్లు మినుకుమినుకుమనును. నిమిషమునకు 1,500 చుట్లు తిరుగు నాలుగు దవడల చక్రము ఒక మినుకునకు సరిగా పావుచుట్టు తిరుగును. అందుచే కదలక నిలిచినట్లు కనిపించును. ఆగినదనుకొని చేయి చాచినవాని వ్రేళ్లు దక్కవు. దీపము ముందు పెన్సిలును వేగముగా ఆడించి చూడుడు: మసకగా గాక, విడివిడి పెన్సిళ్లుగా కనిపించినచో, యంత్రము దగ్గర ఆ దీపము పనికిరాదు.

దీపములకును యంత్రములకును వేర్వేరు ఫ్యూజులు పెట్టించవలెను. రంపపు భారమునకు ఫ్యూజు ఎగిరినపుడు, ఇంకను తిరుగుచున్న పళ్ల దగ్గర మనము చీకటిలో నిలువరాదు.