తాతగారి తుపాకీ ఇంట్లో ఉందా? ‘యాంటిక్’ అయినంత మాత్రాన చట్టం వదిలేయదు

తాతగారు పోయాక ఇల్లు సర్దుతుంటే బీరువా వెనక పొడవాటి తోలు పెట్టె ఒకటి బయటపడిందనుకోండి. మూత తీస్తే లోపల రెండు భాగాలుగా విడదీసి పెట్టిన డబుల్ బ్యారెల్ తుపాకీ, మూతకు లండన్ కంపెనీ లేబుల్. వెంటనే ఫోన్ తీసి ధర ఎంతో వెతకాలనిపిస్తుంది. దానికంటే ముందు చూడాల్సింది వేరే ఉంది: లైసెన్స్ ఎవరి పేరు మీద ఉంది? తాతగారి పేరు మీదే ఉంటే, ఆయన తర్వాత ఆ కాగితం మీకు రక్షణ కాదు.

ఆయుధాల చట్టం-1959 ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరం. 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల జైలు, పైగా జరిమానా. అది వారసత్వంగా వచ్చిందా, కొన్నదా అన్న తేడా ఇక్కడ లేదు.

వీటికి ఎందుకంత విలువ?

పర్డీ (1814), హాలండ్ అండ్ హాలండ్ (1835) లాంటి లండన్ కంపెనీలు, బర్మింగ్‌హామ్‌కు చెందిన వెస్ట్‌లీ రిచర్డ్స్ (1812) మంచి తుపాకులను ఆర్డర్ మీద చేసేవి. దర్జీ చొక్కాకు కొలతలు తీసుకున్నట్టే భుజం, చేయి, మెడ చూసి బట్ పొడవు, వంపు నిర్ణయించేవారు. కుడి భుజానికి చేసింది ఎడమ భుజానికి సరిగా కుదరదు. తాతగారి కొలతలు మనవడికి కుదరకపోవడం కూడా మామూలే. మన దేశంలో సంస్థానాధీశులు, జమీందార్లు, బ్రిటిష్ అధికారులు వీటికి పెద్ద ఖాతాదారులు. ఆ కంపెనీలు ప్రతి తుపాకీకి సీరియల్ నంబర్ వేసి, వివరాలు ఖాతా పుస్తకాల్లో రాసుకున్నాయి. చాలాసార్లు ఆ నంబర్ చెబితే చాలు, ఎప్పుడు తయారైంది, ఎవరి కోసం చేశారు అన్నది తెలుస్తుంది. తుపాకీని ఎక్కడికీ పంపక్కర్లేదు.

మెరిపిద్దామని ఇసుక కాగితం, పాలిష్ పట్టుకోకండి. నగిషీ అరిగితే సేకర్తల దృష్టిలో సగం విలువ పోయినట్టే.

పేల్చి చూడటం అంతకంటే ప్రమాదం. గొట్టాల మీద అలల్లాంటి గీతలు కనిపిస్తే అవి డమాస్కస్ గొట్టాలు కావచ్చు. ఇనుము, ఉక్కు పట్టీలను కలిపి మెలిపెట్టి చేసినవి. వీటిలో చాలావాటిని నల్ల మందును దృష్టిలో పెట్టుకునే తయారు చేశారు. పైగా పాత బ్రిటిష్ తుపాకుల్లో తూటా గది ఎక్కువగా రెండున్నర అంగుళాలే. ఇప్పటి రెండుముప్పావు అంగుళాల తూటా అందులో పట్టేస్తుంది, ఎందుకంటే దాని మూతి మడిచి ఉంటుంది. పేలినప్పుడు ఆ మడత విప్పుకోవడానికి చోటు చాలక లోపల ఒత్తిడి పెరుగుతుంది.

‘యాంటిక్’కు మినహాయింపు లేదా?

ఉంది, కానీ చాలామంది అనుకున్నంత పెద్దది కాదు. చట్టంలోని 45వ సెక్షన్ పాతకాలపు, పురాతన విలువున్న ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది. అయితే మరమ్మతు చేసినా, చేయకపోయినా అది తుపాకీగా పనికిరానిదై ఉండాలి. నూనె వేస్తే టక్కున విచ్చుకునే లండన్ తుపాకీ ఆ లెక్కలోకి రాదు. 2020 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు సవరించి, ‘క్యూరియో’ వర్గంలోని చిన్న ఆయుధాలు ఉంచుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదని చెప్పింది. వాడటానికి, వెంట తీసుకెళ్లడానికి మాత్రం లైసెన్స్ కావాల్సిందే. మీ తుపాకీ ఆ వర్గంలోకి వస్తుందని మీకు మీరే తేల్చుకోకండి. లైసెన్సింగ్ అధికారి నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.

మరి ఏం చేయాలి?

ముందు తుపాకీని కారులో వేసుకుని బయల్దేరకండి. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు పాత లైసెన్స్, మరణ ధ్రువీకరణ పత్రం నకళ్లతో రాతపూర్వకంగా తెలియజేసి, ఎలా అప్పగించాలో అడగండి. 21వ సెక్షన్ ప్రకారం అనవసర ఆలస్యం లేకుండా స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. రసీదులో సీరియల్ నంబర్ తప్పనిసరిగా రాయించుకోండి. డిపాజిట్ చేసి మర్చిపోతే మాత్రం కష్టం. గడువు దాటితే ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు.

తర్వాత వారసుడిగా మీ పేరు మీద లైసెన్స్‌కు దరఖాస్తు చేయాలి. కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్‌కు, మిగతా చోట్ల జిల్లా కలెక్టర్‌కు. పోలీసు విచారణ ఉంటుంది. మిగతా వారసుల అభ్యంతరం లేదన్న పత్రం కూడా సాధారణంగా అడుగుతారు. అన్నదమ్ముల మధ్య మాట కుదరక ఇక్కడే ఆగిపోయే ఫైళ్లు ఉంటాయి. పెద్దాయన బతికే ఉంటే పని తేలిక. ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ చేతికొచ్చి 25 ఏళ్లయినా, తాను ఎంచుకున్న వారసుడికి లైసెన్స్ ఇవ్వమని కోరవచ్చని ఆయుధాల నిబంధనలు-2016 చెబుతున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లతో ఈ మాట ఎత్తడం ఇబ్బందే, అయినా ఎత్తండి.

జత తుపాకుల చిక్కు

లండన్ కంపెనీలు ఒకే పోలికతో రెండు తుపాకులు చేసి, 1, 2 అని అంకెలు వేసి జతగా అమ్మేవి. జత విడిపోతే విలువ బాగా తగ్గుతుంది. 2019 సవరణ ఒక్కొక్కరికి ఉండగల తుపాకుల పరిమితిని మూడు నుంచి రెండుకు తగ్గించింది. వారసత్వానికీ అదే పరిమితి. అంటే మీకు ఇప్పటికే ఒక రివాల్వర్ లైసెన్స్ ఉంటే జతలో ఒక్కటే మీది అవుతుంది. అర్హత ఉన్న మరో వారసుడు ఆ జతకు దరఖాస్తు చేసుకోవడం ఒక దారి.

అమ్మాలనుకుంటే కొనేవారికి లైసెన్స్ ఉండాలి. లైసెన్స్‌దారు మరొకరికి అమ్మే ముందు కొనేవారి వివరాలతో అధికారులకు రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలి. లండన్ వేలంలో ఎక్కువ పలుకుతుందని పంపాలనుకునేవారికి ఇంకో చట్టం అడ్డొస్తుంది. వందేళ్లు దాటిన కళాత్మక వస్తువును పురావస్తువుగా లెక్కిస్తే ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదని 1972 నాటి పురావస్తువుల చట్టం చెబుతోంది. అది పురావస్తువా కాదా అని తేల్చేది భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ, వేలం కంపెనీ కాదు.