అరటిపండ్ల దీవి

బాలురాడుకొను వీడియో ఆటలను గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయనేల యని కొందరు సోదరీమణులు శంకింపవచ్చును. ఇంట నట్టి ఆట యెంతసేపు సాగవలయునో నిర్ణయించునది తరచుగా తల్లియే. నిర్ణయించువారికి దాని లోగుట్టు తెలిసియుండుట మేలు. కావున 1994వ సంవత్సరము నవంబరులో వెలువడి, లోకమున తొంబది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయిన 'డాంకీ కాంగ్ కంట్రీ' యను ఆటను ఈ మాసము పరిశీలించుచున్నాము.

కథ మిక్కిలి చిన్నది. ఒక ఉష్ణదేశపు దీవిలో డాంకీ కాంగ్ అను గొరిల్లా కలదు. అతడు కూడబెట్టిన అరటిపండ్ల రాశిని మొసళ్ల మూక యొక రాత్రి దోచుకొని, కావలియున్న డిడ్డీ యను చిన్న కోతిని పీపాలో బంధించి పోవును. గొరిల్లా పీపాను పగులగొట్టి డిడ్డీని విడిపించి, వానితో గూడి పండ్లకై బయలుదేరును. అడవులు, గనులు, మంచుకొండలు, కర్మాగారములు దాటవలయును. గట్టునుండి గట్టునకు దుముకుటయే ముఖ్యమైన పని.

దీనిని రచించినవారు ఇంగ్లండులో ట్వైక్రాస్ గ్రామమునందలి రేర్ సంస్థవారు. ఆడుటకు జపానువారగు నింటెండో సంస్థ యంత్రము. ఆ యంత్రమునకు ఘనరూపములను స్వయముగా గీయు శక్తి లేదు. అందుచే పెద్ద కంప్యూటర్లపై బొమ్మలను మలచి, వెలుగునీడలు గూర్చి, పిమ్మట వానిని చిన్న చిత్రములుగా దింపిరి. గొరిల్లా నడకను చూచుటకై సమీపమునందలి జంతుప్రదర్శనశాలకు బోయిరి గాని, యా మందగమన మాటకు పనికిరాలేదు. తుదకు గుఱ్ఱపు దౌడును చూచి పరుగును దిద్దిరి. ఆనాడు జనులు ముగ్ధులైన దీ చిత్రములకే. నేడు చూచినచో వానిలో కొంత పాతదనము కనబడుచున్నది.

పాతబడనిది అమరిక. దారి తెలియనిచోట మాటలతో నేమియు చెప్పక, గాలిలో వంపుగా కొన్ని అరటిపండ్లు వ్రేలాడదీసిరి. ముగ్గునకు చుక్కలు పెట్టినట్లు అవి దుముకవలసిన రేఖను చూపును. అంచునకావల నొంటరిగా నొక పండున్నచో, క్రింద నేదో దాగియున్నదని యూహింపవచ్చును. నూరు పండ్లు కూడినచో నొక ప్రాణము లాభము. గ్రెగ్ మేల్స్ మొదలగు రచయితలు పీపాలను, త్రాళ్లను, శత్రువులను ఎట్లు నిలిపిరనగా, చేయి తిరిగినవారు ఎక్కడను ఆగక పరుగెత్తిపోగలరు. క్రొత్తవారు నిలిచి నిలిచి పోయినను దారి దొరకును. ఒకే దారి యిరువురకును చాలునట్లు చేయుట సామాన్యము కాదని మా యభిప్రాయము.

ఇద్దరు సహచరులుండుట మరియొక సొగసు. ఒకరికి దెబ్బ తగిలినచో వారు తప్పుకొందురు. రెండవవారు ప్రయాణము సాగింతురు. మరల పీపా దొరికినచో తొలివారు తిరిగివత్తురు. అక్కాతమ్ముడు చెరియొక జీవిని గైకొని జతగా ఆడుకొను వీలును గలదు. అలిగి లేచిపోవుట యెంత తగ్గునో మేము చెప్పజాలము.

సంగీతమును విడువరాదు. యంత్రమున ధ్వనికై యుండిన తావు 64 కిలోబైట్లు మాత్రమే. అంత యిరుకులో డేవిడ్ వైజ్ నీటి యడుగు ఘట్టములకు కూర్చిన మంద్రమగు రాగమును, ఆట నెన్నడు నాడనివారు సైతము నేటికిని వినుచున్నారు.

ఆటలో క్రాంకీ యను ముసలి గొరిల్లా చేతికఱ్ఱతో గుడిసెలో కూర్చుండి, తన కాలమున ఈ రంగులు, ఈ హంగులు లేకయే ఆటలు బాగుండెనని సణుగుచుండును. ఇట్టి తాతగారు లేని యిల్లేది? ఇతడు 1981లో షిగెరు మియామొటో సృష్టించిన తొలి డాంకీ కాంగే.

ఆ 1981 నాటి ఆటలో గొరిల్లా యొక స్త్రీని ఎత్తుకొనిపోయి ఇనుప దూలములపై నుంచును. ఆమె రక్షింపుడని కేకలు వేయుటయే గాని చేయునది లేదు. వడ్రంగి వచ్చి విడిపింపవలయును. 1994 నాటికిని స్త్రీకి దక్కినది, ఆట యెంతవరకు సాగినదో భద్రపరచు చోట కాండీ యను పేర నిలుచుండుట! ఇంత చక్కని అమరికగలవారు ఈ విషయమున నింత పొదుపేల చూపిరో?

మరుసటి యేడే యది కొంత దిద్దబడినది. 1995 నాటి రెండవ భాగమున బందీయైనవాడు గొరిల్లాయే. విడిపింప బయలుదేరినవారు డిడ్డీయు, డిక్సీ యను బాలికయు. డిక్సీ వెనుక బిగించి వదలిన పొడుగు జుట్టును గిరగిర త్రిప్పి, గాలిలో తేలి మెల్లగా దిగును. తొందరపడి దుముకి తప్పినవారికి సైతము దిద్దుకొను వ్యవధి దొరకును గాన, క్రొత్తవారికి ఆమెయే మేలైన తోడు. 1996 నాటి మూడవ భాగమున మగవారిరువురును కానరాక పోగా, డిక్సీయే యొక పసివానిని వెంటబెట్టుకొని నాయికయై వెడలెను.

2002లో రేర్ సంస్థ మైక్రోసాఫ్టు వశమైనది. 2010లో టెక్సాసునందలి రెట్రో స్టూడియోసువారు ఆటను పునరుద్ధరించిరి గాని అందు డిక్సీ తోడుగా లేదు. 2014 నాటి 'ట్రాపికల్ ఫ్రీజ్'లో ఉత్తరపు దండు వచ్చి అరటితోటల దీవిని మంచుతో గప్పును. అందు వైజ్ సంగీతము మరల వినబడినది; డిక్సీయు తిరిగివచ్చినది. ఈమారు జుట్టు త్రిప్పినపుడు ఆమె క్రిందికి దిగుటయే గాక, ముందు కొంచెము పైకిని లేచును.