మోత పెరిగితే జోరు పెరుగుతుందా?

ధవళేశ్వరం దాటాక కాలువ గట్టు మీద పాత ఆర్‌ఎక్స్ 100 వస్తోందంటే... ముందు చప్పుడొస్తుంది, తర్వాతే బండి! 1985లో మన దేశంలో అడుగుపెట్టి, 1996లో తయారీ ఆగిపోయిన ఈ యమహా బండి మీద గోదావరి కుర్రకారుకు మోజు మాత్రం పోలేదు. బండి చేతికి రాగానే సైలెన్సర్ కోయించడమో, లోపలి గొట్టం పీకించడమో చేస్తుంటారు కొందరు. మోత పెరిగితే బలం పెరిగినట్టేనని వాళ్ల లెక్క. చాలాసార్లు జరిగేది అందుకు పూర్తిగా తలకిందులు.

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పొగ బయటికి పోతుండగానే పెట్రోలు, గాలి కలిసిన కొత్త మిశ్రమం లోపలికొస్తుంది. వీధి తలుపూ పెరటి తలుపూ ఒకేసారి తెరిచినట్టన్నమాట. దాంతో కొత్త మిశ్రమం కొంత పొగ వెంటే జారిపోతుంది. దాన్ని వెనక్కి తెచ్చేది సైలెన్సరే! పొగతో వెళ్లిన ఒత్తిడి అల, గొట్టం సన్నబడే చోట గోడకు కొట్టిన బంతిలా వెనక్కొస్తుంది. దారి మూసుకునేలోపే మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. గొట్టం పొడవు, వాలు అన్నీ దీనికోసం లెక్కకట్టినవే.

ఈ లెక్కను రేసు బండ్లలో పండించినవాడు తూర్పు జర్మనీలోని ఎంజెడ్ కంపెనీ ఇంజినీరు వాల్టర్ కాడెన్. 1961 నాటికి 125 సీసీ ఇంజిన్ నుంచి 25 హార్స్‌పవర్ రాబట్టాడు. మన ఆర్‌ఎక్స్‌ది 98 సీసీకి 11! అదే ఏడాది ఎంజెడ్ రేసర్ ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ పోటీకని వెళ్లి, అటునుంచటే పారిపోయాడు. కాడెన్ కిటుకులన్నీ జపాన్‌లోని సుజుకికి చేరాయి. మరుసటి ఏడాది 50 సీసీ ప్రపంచ టైటిల్‌ను సుజుకి మీదే గెలిచాడు డెగ్నర్.

మరి పోర్టు అరగదీయించడం? పొగదారి పైఅంచు పెంచితే పై వేగంలో బలం వచ్చి, కింది వేగంలో లాగుడు తగ్గుతుంది. రేసుకైతే సరే. అంబాజీపేటకు కొబ్బరికాయల బస్తా వేసుకెళ్లేవాడికి ఎందుకది? పైగా అరిగిన పోర్టు మళ్లీ పూడదు.

అసలు ప్రమాదం జెట్ దగ్గరుంది. సైలెన్సర్ మార్చి, ఎయిర్ ఫిల్టర్ తీసేసి, కార్బురేటర్ జెట్‌ను అలాగే వదిలేస్తే గాలి ఎక్కువై పెట్రోలు చాలదు. పిస్టన్ వేడెక్కి, ఉబ్బి, సిలిండర్‌కు పట్టేస్తుంది. దాన్నే మెకానిక్కులు ‘సీజైంది’ అంటారు. పరుగులో ఉన్న బండి వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. ఆ క్షణంలో క్లచ్ నొక్కడం తప్ప వేరే దారి లేదు.

చట్టం సంగతి సరేసరి. అనుమతి లేని మార్పులకు 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు... లేదా రెండూ!

పాత బండి జోరు తగ్గిందంటే చాలామటుకు కారణాలు మామూలువే. సైలెన్సర్‌లో మసి పేరుకోవడం, పిస్టన్ రింగులు అరగడం, క్రాంక్ ఆయిల్ సీళ్లు గట్టిపడటం. ఇవి బాగుచేయించి ప్లగ్ విప్పి చూడండి. మొన కాఫీ రంగులో ఉంటే జెట్ సరిపోయినట్టు. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లబడిందా... బండి అక్కడే ఆపేయాలి.