ధౌలా కువాన్ కరపత్రం, సీలంపూర్ సుత్తి

ధౌలా కువాన్ అంటే తెల్లని బావి. ఆ బావి సంగతి నేడు రాజధానిలో ఎవరికీ పట్టదు. కనిపించేవల్లా వంతెనలు, సైనిక స్థావరాల గోడలు, విమానాశ్రయానికి పరుగులు తీసే కార్లు. అయినా తెలుగువారికి ఈ కూడలితో చుట్టరికం లేకపోలేదు. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాల ఇక్కడిదే. సమీపంలోని మెట్రో స్టేషన్ దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు ధరించింది. ఆ స్టేషన్ మెట్ల వద్ద ఇటీవల ఒక సాయంకాలం ఒక తెలుగు విద్యార్థిని నా చేతిలో కరపత్రం ఉంచింది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలను చెత్తకుండీలో పడవేయరాదని దాని సారాంశం.

"అమ్మాయీ, మా ఇంట్లో పాత కంప్యూటర్ తెర ఒకటి ఉండేది. దానిని ఎవరికి అప్పగించవలసింది?" అని అడిగాను.

ఆమె కొంత తటపటాయించింది. "నిజం చెప్పాలంటే, మా హాస్టల్లో కబాడీవాలాకే ఇచ్చేస్తాం సార్" అన్నది.

నేను చేసినదీ అదే. పైగా నూటయాభై రూపాయలకు బేరమాడి మరీ ఇచ్చాను. ఇది ఎక్కడికి పోతుందని నాడు అడిగితే, "సీలంపూర్, బాబూజీ" అని అతడు నిస్సంకోచంగా చెప్పాడు. మన దేశంలో పాత టీవీని చెత్తకుండీలో పారవేసే గృహస్థు ఎక్కడున్నాడు? మనం పారవేయము, అమ్ముతాము. వ్యర్థమన్న మాటే ఇక్కడ పొసగదు. అడ్డగీతలు కొట్టిన చెత్తబుట్ట గుర్తును సామాను మీద ముద్రించి ప్రజలను చైతన్యవంతులను చేశామనుకునే ఏలినవారికి ఈ సంగతి తట్టినట్టు లేదు.

కరపత్రం జేబులో ఉండగానే పింక్ లైన్ రైలెక్కి, వెల్‌కమ్‌లో మారి, సీలంపూర్‌లో దిగాను. ఇరుకు సందుల్లో కీబోర్డుల గుట్టలు, తీగల మోపులు, పగిలిన తెరలు. మీసకట్టు రాని కుర్రవాళ్లు సుత్తితో ఒక్క దెబ్బకు పెట్టె విప్పి, రాగి ఒకవైపు, అల్యూమినియం ఒకవైపు, సర్క్యూట్ పలకలు మరొకవైపు వేరు చేస్తున్నారు. ఆ చేతి నేర్పు ఏ ఇంజనీరుకూ తీసిపోదు. చేతులకు తొడుగులు మాత్రం లేవు. పాతకాలపు తెర గాజులో సీసం ఉంటుంది. పలకల నుంచి బంగారం, రాగి రాబట్టడానికి ఆమ్లంలో నానబెడతారు. తీగల పై తొడుగు కాలిస్తే డయాక్సిన్లు వెలువడతాయి. నా నూటయాభై రూపాయల లెక్కలో ఇవేవీ చేరలేదు.

చదువుకున్నవారికి తెలుసు, తెలియనిది సీలంపూర్‌కే అని భావించేవారు మాయాపురిని స్మరించుకోవాలి. ధౌలా కువాన్ నుంచి రింగ్ రోడ్డు మీద పోతే నారాయణా దాటిన తరువాత వచ్చే తుక్కు బజారు అది. ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర విభాగం ఏళ్ల తరబడి వాడక మూలపడిన గామా కిరణ పరికరాన్ని 2010లో వేలం వేసింది. అది మాయాపురి చేరింది. అందులోని కోబాల్ట్-60 కొందరిని ఆసుపత్రి పాలు చేసింది, ఒక కార్మికుని బలిగొన్నది. అది కంప్యూటర్ల వంటి సామాను కాదు, నిజమే. కాని అమ్మినవారు శాస్త్రవేత్తలు.

ఇక శాసనాల సంగతి. 2005లో రాజ్యసభలో విజయ్ దర్డా ప్రైవేటు సభ్యుని బిల్లు ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. 2011లో నిబంధనలు వెలువడి మరుసటి ఏడు మే 1 నుంచి అమలులోకి వచ్చాయి. 2016లో ఒకసారి, 2022లో మరొకసారి వాటిని తిరగరాశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న ఈ చివరి నిబంధనలు 106 రకాల వస్తువులకు వర్తిస్తాయి. ప్రజలకు అవగాహన కల్పించే బాధ్యతను అవి స్పష్టంగా ఉత్పత్తిదారుల మీదనే ఉంచాయి. ధౌలా కువాన్ మెట్ల మీద ఆ పని ఒక విద్యార్థిని తన సొంత ఖర్చుతో చేస్తున్నది!

అంతకన్నా విచిత్రం మరొకటి కద్దు. 2016 నిబంధనలు విడగొట్టేవారికి ప్రత్యేకంగా ఒక స్థానమిచ్చాయి. 2022 నిబంధనల ప్రకారం రిజిస్టరు చేసుకోవలసినవారు తయారీదారులు, ఉత్పత్తిదారులు, మరమ్మతు చేసి తిరిగి అమ్మేవారు, పునశ్శుద్ధి చేసేవారు మాత్రమే. కార్మికులను గుర్తించి శిక్షణ ఇచ్చే భారాన్ని రాష్ట్రాలకు వదిలారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం 2021-22లో దేశంలో పుట్టిన ఈ తుక్కు 16 లక్షల టన్నులు. సక్రమంగా సేకరించి శుద్ధి చేసినది 5.27 లక్షల టన్నులు. తక్కినది ఎవరి చేతుల మీదుగా పోయిందో చెప్పడానికి మంత్రులెవ్వరూ అక్కరలేదు, సీలంపూర్‌కు టిక్కెట్టు కొంటే చాలు.

ఇంటికి గుమ్మం ముందుకు వచ్చి, తూకం వేసి, రొక్కమిచ్చేవాడు కబాడీవాలా ఒక్కడే. అతనికి తొడుగులూ, శిక్షణా, గుర్తింపుకార్డూ ఇచ్చి, శుద్ధి కర్మాగారానికి దారి చూపడం మాని, అతనికి అమ్మవద్దని మనకు బోధించడం ఏమి వివేకమో నాకు అంతుపట్టడం లేదు.

మా సొరుగులో పనికిరాని ఫోన్లు రెండున్నాయి. ఈసారి బుద్ధిగా ఆ కంపెనీవారి నంబరుకే ఫోను చేశాను. మూడు రోజుల్లో మనిషిని పంపుతామన్నారు. నేటికి తొమ్మిది రోజులు. ఉదయం వీధిలో కబాడీవాలా కేక వినగానే మా ఆవిడ నా వంక చూసింది.